"కొందరి బలహీనత దృష్ట్యా": జాతి వేర్పాటు, పాప సిద్ధాంతం గురించి ఒక కేస్ స్టడీ

కోస్తా జిల్లాల్లో పాస్టర్లకూ సంఘ పెద్దలకూ వాక్య శిక్షణ ఇస్తూ ఉంటాను. పాపాన్ని గురించిన పాఠం వచ్చినప్పుడల్లా వారి ముందు ఒక కేసు పెడతాను. దక్షిణాఫ్రికాలోని డచ్ రిఫార్మ్‌డ్ సంఘం 1829 మొదలు 1990ల వరకు జాతి విషయంలో చేసిన తీర్మానాలు, వాటిని సమర్థించిన వేదాంతం, చివరకు అది పాపమని ఒప్పుకొన్న తీరు ఆ కేసులో ఉన్నాయి. మనిషి పుట్టుకతోనే పాపి అనీ, అతని బుద్ధి, చిత్తం, హృదయం అన్నీ పాపం వల్ల చెడిపోయాయనీ గట్టిగా బోధించిన సంఘాల్లో పదహారో శతాబ్దపు సంఘ సంస్కర్త కాల్విన్ బాటలో నడిచిన ఈ సంఘం ముందు వరసలో ఉంటుంది. అలాంటి సంఘమే తన ప్రార్థన మందిరంలో జరుగుతున్న పాపాన్ని నూరేళ్లకు పైగా పాపమని గుర్తించలేదు. పైగా ఆ పాప సిద్ధాంతాన్నే దానికి ఆసరా చేసుకుంది. ఇది ఎలా సాధ్యమైందో అర్థం చేసుకోకుండా "అందరూ పాపులే" అని ఎన్నిసార్లు ప్రసంగించినా సంఘంలో ఏమీ కదలదని నా అభిప్రాయం.

దక్షిణాఫ్రికా మనకు సంబంధం లేని దేశం కాదు. 1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్ చేరిన మొదటి కూలీల ఓడ తర్వాత దశాబ్దాల పాటు చెరకు తోటల పనికి వెళ్లినవారిలో వేలాది తెలుగువారు ఉన్నారు. వారి మధ్య సేవ చేయడానికి తెలుగు బాప్టిస్టు సంఘాలు తమ సొంత కానుకలతో నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్య గారిని 1903లో డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతానికి మిషనరీగా పంపాయి. ఆయన అక్కడ స్థాపించిన తెలుగు సంఘాల వారి పిల్లలూ మనవలూ నేను చెప్పబోయే చట్టాల కిందే బతికారు.

1829, 1857

కేప్ ప్రాంతంలో 1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ స్థావరం ఏర్పడింది. దానితోపాటే ఈ సంఘమూ అక్కడికి వచ్చింది. స్థానిక ఖోయిఖోయి ప్రజలు, బెంగాల్, మలబారు, కోరమాండల్ తీరాల నుంచి సైతం తెచ్చిన బానిసలు, మిశ్రమ సంతతివారు కాలక్రమంలో కొద్దికొద్దిగా బాప్తిస్మం పొంది సంఘంలో చేరారు. సోమర్సెట్ వెస్ట్ అనే ఊళ్లో మిశ్రమ సంతతికి చెందిన ఒక విశ్వాసి తక్కినవారితో కలిసి ప్రభువు బల్లకు, అంటే రొట్టె, పాత్ర పుచ్చుకునే సంస్కారానికి, రావడంపై వివాదం పుట్టగా, అది 1829లో కేప్ సినడ్ (సంఘ ప్రతినిధుల మహాసభ) ముందుకు వచ్చింది. రంగును బట్టి గాని పుట్టుకను బట్టి గాని భేదం లేకుండా సభ్యులందరికీ ఒకే బల్ల ఇవ్వాలనీ, ఇది చర్చించి తేల్చుకోవలసిన విషయమే కాదనీ, దేవుని వాక్యం మీద నిలిచిన కదలని సూత్రమనీ సినడ్ చెప్పింది. ఈ తీర్మానాన్ని తరగతిలో చదివినప్పుడు చాలామంది ఆశ్చర్యపోతారు. సంఘానికి సత్యం తెలియక కాదు, తెలిసే తప్పిపోయిందని ఇక్కడే స్పష్టమవుతుంది.

తర్వాతి ఇరవై ఎనిమిదేళ్లలో పరిస్థితులు మారాయి. 1834లో బానిసత్వం రద్దయింది. నిన్నటిదాకా తమ పొలంలో కట్టుబానిసగా ఉన్న మనిషి ఇప్పుడు చట్టం దృష్టిలో స్వతంత్రుడు, బల్ల దగ్గర సహోదరుడు. తూర్పు సరిహద్దులోని స్టాకెన్‌స్ట్రోమ్ సంఘంలో తెల్లవారు కొందరు తమకు ప్రభువు బల్ల వేరుగా ఇవ్వాలని కోరారు. 1857 సినడ్‌లో ఆ ప్రశ్న మళ్లీ లేచినప్పుడు సీనియర్ ఆండ్రూ మర్రే గారు ఒక తీర్మానం ప్రతిపాదించారు. ప్రార్థనను గురించి రాసి తెలుగు విశ్వాసుల ఇళ్లలో కూడా గౌరవం పొందిన ఆండ్రూ మర్రే గారికి ఈయన తండ్రి. తీర్మానం సారాంశం ఇది: అన్యజనుల నుంచి వచ్చిన విశ్వాసులను వీలైన చోటల్లా ఉన్న సంఘాల్లోనే చేర్చుకోవడం మంచిది, అదే లేఖనానుసారం, అయితే కొందరి బలహీనత వల్ల ఈ పద్ధతి అన్యజనుల మధ్య క్రీస్తు పనికి అడ్డమయ్యే చోట, వారి సంఘాలు తమ క్రైస్తవ ఆధిక్యతలను వేరే కట్టడంలో అనుభవించవచ్చు.

తరగతిలో ఈ ఒక్క వాక్యం దగ్గర ఒక పూట గడుపుతాను. మొదటి భాగం సత్యాన్ని నిరాకరించదు, కలిసి ఉండటమే లేఖనానుసారమని ఒప్పుకొంటుంది. ఆ తర్వాత "అయితే" అని మొదలైన రెండో భాగం, ఒప్పుకొన్న ఆ సత్యాన్ని పాటించనవసరం లేదని అనుమతి ఇస్తుంది. అందుకు చెప్పిన కారణం సువార్త వ్యాప్తి. వేరే కట్టడానికి వెళ్లవలసింది అభ్యంతరం చెప్పినవారు కాదు, ఎవరి మీద అభ్యంతరం చెప్పారో వారు. ఇక అభ్యంతరం చెప్పినవారి మనసులో ఉన్నదానికి సినడ్ పెట్టిన పేరు పాపం కాదు, బలహీనత.

అన్నిటికంటే లోతైన తప్పు ఈ చివరిదే. పౌలు రోమా పత్రిక 14వ అధ్యాయంలో బలహీనుడైన సహోదరుణ్ణి చేర్చుకోమంటాడు. అక్కడ బలహీనుడంటే మాంసం తినడానికి మనస్సాక్షి ఒప్పక కూరగాయలే తినేవాడు. తన నియమం వల్ల నష్టపోయేది అతనే. ఇంకొకరిని అతను బల్ల దగ్గర నుంచి లేపడు. స్టాకెన్‌స్ట్రోమ్‌లో భూమి ఉన్నవారు, ఓటు ఉన్నవారు, సంఘ కార్యవర్గంలో కూర్చున్నవారు బలహీనులయ్యారు. వారి బలహీనతను భరించవలసిన బలవంతులుగా ఆ ఊరి కూలీలు మారారు. అన్యజనులతో కలిసి భోజనం చేస్తున్న పేతురు, యాకోబు యొద్ద నుంచి కొందరు రాగానే భయపడి వెనుకకు తీసి వేరైన సంగతి గలతీ పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. పేతురు భయాన్ని పౌలు బలహీనతగా చూసి సర్దుకుపోలేదు. అందరి ఎదుట ముఖాముఖిగా ఎదిరించి, సువార్త సత్యాన్ని బట్టి క్రమంగా నడుచుకోవడం లేదని చెప్పాడు. 1857 సినడ్ చేతిలో ఈ రెండు అధ్యాయాలూ ఉన్నాయి. వర్తించేది గలతీ 2 అయితే వారు రోమా 14ను ఎంచుకున్నారు.

అనుమతి సిద్ధాంతంగా మారిన తీరు

కొద్దికాలపు వెసులుబాటుగా ఇచ్చిన అనుమతి వెనక్కి పోలేదు. 1881లో మిశ్రమ సంతతివారి కోసం ప్రత్యేకంగా మిషన్ సంఘం ఏర్పడింది. 1910 నుంచి ఆఫ్రికన్ల కోసం రాష్ట్రాల వారీగా వేరు సంఘాలు పుట్టాయి. 1968లో భారతీయుల కోసం ఇంకొకటి వచ్చింది. ఒకే విశ్వాస ప్రమాణాలు, ఒకే కీర్తనలు, ఒకే క్రమం ఉన్న సంఘ కుటుంబం చర్మం రంగును బట్టి నాలుగుగా చీలింది. 1948లో నేషనల్ పార్టీ అపార్థీడ్ (జాతి వేర్పాటు) అనే నినాదంతో అధికారంలోకి వచ్చినప్పుడు ప్రధాని అయిన డి.ఎఫ్. మలాన్ ఒకప్పుడు ఇదే సంఘంలో పాస్టరు. 1949లో వేర్వేరు జాతుల మధ్య వివాహాల నిషేధం, 1950లో ప్రతి మనిషినీ ఒక జాతి కింద నమోదు చేసే చట్టం, ఏ జాతి ఎక్కడ నివసించాలో నిర్ణయించే గ్రూప్ ఏరియాస్ చట్టం వరసగా వచ్చాయి. డర్బన్‌లో కేటో మేనర్ ప్రాంతపు భారతీయులను ఈ చివరి చట్టం కిందే లేపి చాట్స్‌వర్త్ వంటి చోట్లకు పంపారు.

సంఘం ఈ చట్టాలను చూస్తూ మౌనంగా ఉండిపోలేదు. ముందే తాను అలవాటు చేసుకున్న వేర్పాటుకు లేఖన ఆధారాలు వెతికి పెట్టింది. 1974లో సినడ్ ఆమోదించిన నివేదికలో బాబెలు గోపురం కథ, ద్వితీయోపదేశకాండము 32:8, అపొస్తలుల కార్యములు 17:26 వంటివి ప్రముఖంగా ఉన్నాయి. కార్యములలోని ఆ వచనాన్ని తరగతిలో అందరిచేతా బిగ్గరగా చదివిస్తాను. దేవుడు ఒకనినుండి ప్రతి జాతి మనుష్యులను సృష్టించాడని మొదటి భాగం, వారి నివాసస్థలపు పొలిమేరలు ఏర్పరచాడని రెండో భాగం. వేర్పాటును సమర్థించినవారు "ఒకనినుండి" అన్నదాన్ని దాటేసి పొలిమేరల దగ్గర ఆగారు. పౌలు ఆ మాటలు చెప్పిన సందర్భం ఏథెన్సు. తమ పుట్టుక గురించి గర్వపడే ప్రజల ముందు, అందరికీ మూలం ఒక్కటేనని చెప్పడానికి ఆ వాక్యం మొదలుపెట్టాడు.

కేసులో అందరూ గమనించని విషయం ఇంకొకటి ఉంది. ఈ వ్యవస్థను సమర్థించిన చాలామంది తాము ఇతర జాతులను ద్వేషిస్తున్నామని అనుకోలేదు. మనుషులు పాపులు కాబట్టి వేర్వేరు జాతులు ఒకచోట ఉంటే ఘర్షణ తప్పదనీ, ఘర్షణను నివారించే క్రమమే దేవుని కృప అనీ వాదించారు. అంటే పాప సిద్ధాంతాన్ని తలకిందులు చేశారు. పాపం వల్ల మనుషులు ఒకరికొకరు శత్రువులయ్యారన్నది నిజమే. క్రీస్తు ఆ శత్రుత్వాన్ని సిలువ మీద చంపి మధ్యగోడను పడగొట్టాడన్నది ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయంలోని సువార్త. ఆ వాదనలో మొదటి సగం ఉంది, రెండోది లేదు. 1978లో మిశ్రమ సంతతివారి మిషన్ సంఘపు సినడ్ దీని మీదే వేలు పెట్టింది. మనుషులు ఒకరితో ఒకరు సమాధానపడలేరన్నదే అపార్థీడ్‌కు పునాది అనీ, సువార్తకు పునాది దానికి సరిగ్గా వ్యతిరేకమనీ తేల్చింది. వేదాంత పరంగా ఈ మొత్తం వివాదంలో ఇంతకంటే సూటి మాట నాకు కనిపించలేదు.

కాట్‌స్లో నుంచి బెల్హార్ వరకు

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పుల్లో 69 మంది చనిపోయారు. ఆ డిసెంబరులో జోహన్నెస్‌బర్గ్‌లోని కాట్‌స్లోలో సంఘాల ప్రతినిధులు సమావేశమై, క్రీస్తును విశ్వసించే ఎవరినీ రంగును బట్టి ఏ సంఘం నుంచీ వెలివేయరాదనీ, భిన్న జాతుల మధ్య వివాహాలను నిషేధించడానికి లేఖన ఆధారం లేదనీ ప్రకటించారు. డచ్ రిఫార్మ్‌డ్ ప్రతినిధుల్లో అనేకులు దానికి సమ్మతించారు. ప్రధాని వెర్‌వూర్డ్ అసంతృప్తి చెప్పడంతో సినడ్‌లు తమ ప్రతినిధులనే తోసిపుచ్చాయి. ఆ ప్రతినిధుల్లో బేయర్స్ నాడే గారు వెనక్కి తగ్గలేదు. అధికార వర్గాలతో ముడిపడిన రహస్య సంఘంలో సభ్యుడిగా, పేరున్న సంఘంలో పాస్టరుగా ఉన్న ఆయన 1963లో మనుష్యులకు కాదు దేవునికే లోబడాలన్న కార్యములు 5:29 మీద ప్రసంగించి, ఆ సంఘంలో పాస్టరు పనిని వదిలి బయటికి వచ్చారు. ప్రభుత్వం 1977 నుంచి 1984 వరకు ఆయన మీద నిషేధాజ్ఞ విధించింది.

1982 ఆగస్టులో కెనడాలోని ఒట్టావాలో ప్రపంచ రిఫార్మ్‌డ్ సంఘాల కూటమి సమావేశమైంది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన నల్లజాతి, మిశ్రమ సంతతి ప్రతినిధులు కొందరు ప్రభువు బల్లకు రావడానికి నిరాకరించారు. తమ దేశంలో తమను బల్ల దగ్గరకు రానివ్వని సంఘపు ప్రతినిధులతో ఇక్కడ పరదేశంలో కలిసి తీసుకోవడం అబద్ధమవుతుందని వారి వాదన. 1857లో ఏ బల్ల దగ్గర చీలిక మొదలైందో ఆ బల్ల దగ్గరే సమస్యను ప్రపంచం ముందు పెట్టారు. అపార్థీడ్ పాపమనీ, దాన్ని వేదాంతంతో సమర్థించడం దుర్బోధ అనీ కూటమి ప్రకటించి, డచ్ రిఫార్మ్‌డ్ సంఘం సభ్యత్వాన్ని నిలిపివేసింది. వేర్పాటును పాటించిన మరో శ్వేతజాతి సంఘం మీదా అదే చర్య తీసుకుంది. మిశ్రమ సంతతివారి మిషన్ సంఘపు పాస్టరు అలన్ బూసాక్ గారిని అధ్యక్షుడిగా ఎన్నుకుంది.

అదే ఏడాది కేప్ టౌన్ శివారులోని బెల్హార్‌లో మిషన్ సంఘం సినడ్ ఒక విశ్వాస ప్రమాణాన్ని సిద్ధం చేసింది. 1986లో దాన్ని ఆమోదించింది. సంఘ ఐక్యత, సమాధానం, దేవుని న్యాయం అనే మూడింటి మీద అది నిలుస్తుంది. తరగతిలో నేను ప్రమాణం కంటే దానితో జతచేసిన లేఖ మీద ఎక్కువసేపు ఆగుతాను. ఈ ప్రమాణం ఫలానా వ్యక్తుల మీద గాని ఫలానా సంఘం మీద గాని గురిపెట్టింది కాదనీ, ఒక అబద్ధ బోధకు వ్యతిరేకమనీ లేఖ చెబుతుంది. ఆ వెంటనే, తాము కూడా తగినంత స్పష్టంగా సాక్ష్యమివ్వలేదనీ, ఒకప్పుడు పాపమని గ్రహించి ఒప్పుకొన్నవి కాలం గడిచేకొద్దీ సహజమైనవిగా కనిపించేదాకా పెరగడంలో తమకూ బాధ్యత ఉందనీ రాస్తుంది. అన్యాయానికి గురైనవారు ఇది రాశారు. ఇది చదువుతూ ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది. 1857 వాక్యం పాపాన్ని బలహీనత అంటూ దాచింది. ఈ లేఖ రాసినవారు చూపించదగిన నేరం తమ ఎదుటివారిదే అయినా, తమ మౌనాన్ని కూడా పాపమనే పిలిచారు.

రస్టెన్‌బర్గ్, 1990

1990 నవంబరులో రస్టెన్‌బర్గ్‌లో వివిధ సంఘాల నాయకులు కలిసినప్పుడు డచ్ రిఫార్మ్‌డ్ సంఘానికి చెందిన వేదాంత ఆచార్యుడు విల్లీ యాంకర్ గారు లేచి పాపాన్ని ఒప్పుకొన్నారు. ఆయన చెప్పిన క్రమాన్ని జాగ్రత్తగా చూడాలి. మొదట తన సొంత పాపం, తన వ్యక్తిగత బాధ్యత. తర్వాత ఆ పాపం ఏ రంగాల్లో జరిగిందో చెప్పారు: రాజకీయం, సమాజం, ఆర్థికం, వ్యవస్థలు. దాని ఫలితాలను ఎదుటి వారూ దేశమూ ఇంకా అనుభవిస్తున్నారన్నారు. చివరగా తన సంఘం పేరిట, ఆఫ్రికానర్ ప్రజల (డచ్ మూలాలున్న తెల్లవారి) పేరిట కూడా అదే ఒప్పుకోలు చేయడానికి సాహసిస్తున్నానన్నారు. ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ గారు అక్కడికక్కడే లేచి, ఒప్పుకొన్నప్పుడు క్షమించడం తప్ప వేరే దారి లేదంటూ దాన్ని స్వీకరించారు.

ఇతరుల పేరిట పాపం ఒప్పుకోవడానికి నీకేం హక్కు ఉందని ఆయన సొంత ప్రజల్లో చాలామంది కోప్పడ్డారు. మన తరగతుల్లో కూడా ఈ ప్రశ్న తప్పక వస్తుంది. నెహెమ్యా మొదటి అధ్యాయంలో సమాధానం ఉంది: యెరూషలేము పాడైన కాలంలో అతను అక్కడ లేడు, అయినా నేనును నా తండ్రి యింటివారును పాపము చేసియున్నామన్నాడు. పుట్టకముందు జరిగిన పనికి నన్ను శిక్షించడం వేరు, ఆ పని వల్ల నా చేతికి వచ్చినదాన్ని వదలకుండా పట్టుకుని ఆ పని నాది కాదనడం వేరు. మొదటిది అన్యాయం, రెండోది అబద్ధం. రస్టెన్‌బర్గ్ ప్రకటన కూడా క్షమాపణతో ఆగలేదు. లాక్కున్న భూమి తిరిగి ఇవ్వడం వంటి పరిహారాన్ని కోరింది. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్న జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు చెప్పిన వరస కూడా అదే.

తరగతిలో ఈ కేసు చేసే పని

కేసు చదవడం పూర్తయ్యాక, 1857 తీర్మానాన్ని బోర్డు మీద రాసి ఒకే ప్రశ్న అడుగుతాను: ఈ వాక్యంలో పాపం చేసినవాడు ఎవరు? వెతికితే దొరకడు. "కొందరి" అనే మాట, "బలహీనత" అనే మాట, "అడ్డమయ్యే చోట" అనే షరతు మనిషిని పూర్తిగా మాయం చేశాయి. దాని పక్కనే రోమా 3:22, 23 రాస్తాను. "అందరును పాపము చేసి" అనే మాట మనవాళ్లందరికీ కంఠస్థం. దాని ముందున్న "ఏ భేదమును లేదు" అనే మాటను కలిపి చెప్పేవారు అరుదు. పాపం అందరిదీ అని చెప్పిన వాక్యమే మనుషుల మధ్య భేదం లేదని మొదలవుతుంది. అలాంటప్పుడు భేదాన్ని కాపాడుకోవడానికి ఆ వాక్యాన్ని వాడుకోవడం ఎలా కుదురుతుంది?

ఆ తర్వాత ప్రతి ఒక్కరూ తమ సంఘం గురించి ఒక్క వాక్యం రాయాలి. ఒక విడత తరగతిలో వయసు మళ్లిన సంఘ పెద్ద ఒకరు, మేమందరం పాపులం గనుక మా సంఘంలోనూ లోపాలు ఉన్నాయని రాశారు. మాటల్లో, వారి ఊళ్లో క్రైస్తవులకు రెండు సమాధుల తోటలు ఉన్న సంగతి బయటికి వచ్చింది. "అయ్యగారూ, అది మా తాతల నాటి ఏర్పాటండీ. ఇప్పుడు దాని మీద ఎవరూ గొడవ పడటం లేదు గదండీ" అన్నారాయన. అదే మండలంలో సేవ చేసే బైబిల్ ఉమెన్ ఒకామె వెనక వరసలో లేచి, "గొడవ పడనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదన్నయ్య గారూ. మా అత్తమ్మను మోసుకెళ్లినప్పుడు మీ తోట గోడ పక్కగానే నడిచి, వానొస్తే మోకాళ్ల లోతు నీళ్లు నిలిచే చోటికి వెళ్లాం" అంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. భోజనాల తర్వాత తన కాగితం అడిగి తీసుకుని తిరిగి రాశారు: మా సంఘ పెద్దలమైన మేము గూడెం విశ్వాసులను మా సమాధుల తోటలో పెట్టనివ్వలేదు, అది పాపం.

ఈ రెండు వాక్యాల మధ్య దూరమే ఈ కేసు నేర్పవలసిన పాఠం. మొదటి వాక్యంలో పాపం ఉంది, పాపి లేడు. రెండో వాక్యంలో ఎవరు, ఎవరికి, ఏం చేశారు అన్నీ ఉన్నాయి. జాతి వివక్ష వేరు, కులం వేరు. వాటి చరిత్రలు, చట్టాలు, పని చేసే తీరు ఒకటి కాదు కాబట్టి దక్షిణాఫ్రికాను యథాతథంగా తెచ్చి మన ఊరికి అతికించడాన్ని నేను ఒప్పుకోను. అయితే ప్రభువు బల్ల దగ్గర వరసలు వేరు చేయడానికి మన సంఘాల్లో చెప్పే కారణాలు వింటే, 1857 సినడ్ చెప్పిన కారణాలే వినిపిస్తాయి: పెద్ద కులాలవారు సువార్తకు దూరమవుతారు, పాత అలవాటు ఒక్కసారిగా పోదు, కాలమే సరిచేస్తుంది. ఒంగోలులో 1860లలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారి ముందుకు ఇదే ప్రశ్న వచ్చింది. మాదిగలను చేర్చుకుంటే తాము రామని పై కులాలవారు చెప్పారు. దేవుడు లోకంలో నీచులైన వారిని, తృణీకరింపబడిన వారిని ఏర్పరచుకున్నాడన్న 1 కొరింథీ 1వ అధ్యాయపు మాటలు ఆయనకూ ఆయన భార్యకూ వేర్వేరుగా కంటపడ్డాయనీ, దాంతో వారు నిర్ణయం తీసుకున్నారనీ ఆ మిషన్ చరిత్ర చెబుతుంది. యర్రగుంట్ల పేరయ్య గారి వంటి మాదిగ సాక్షుల శ్రమ వల్లనే 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సువార్త ఆగిపోతుందన్న భయానికి మన నేల మీదే జవాబు ఉంది.

పనిలో ఒక జాగ్రత్త తప్పనిసరి. ఒప్పుకోలును సంఘ పుస్తకంలో రాసేటప్పుడు అన్యాయానికి గురైన కుటుంబాల పేర్లు గాని కులం గాని రాయవద్దని గట్టిగా చెబుతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా ఉండదు. మనం పశ్చాత్తాపంతో రాసిన కాగితమే రేపు ఒక బిడ్డ చదువుకో ఉద్యోగానికో అడ్డం కావచ్చు. తప్పు చేసినవారి బాధ్యత స్పష్టంగా రాయాలి, నష్టపోయినవారి వివరాలు వారి అనుమతి లేకుండా రాయకూడదు. క్షమించామని అదే రోజు చెప్పమని వారిని ఒత్తిడి చేయడానికి కూడా నేను ఒప్పుకోను. టూటూ గారి జవాబు గొప్పదే. కానీ అది ఆయన ఇష్టపూర్వకంగా ఇచ్చినది, ఎవరూ ఆయన చేత చెప్పించినది కాదు.

డచ్ రిఫార్మ్‌డ్ సంఘం కథ కూడా పూర్తి కాలేదని తరగతిలో దాచకుండా చెబుతాను. మిషన్ సంఘం, ఆఫ్రికన్ల సంఘం 1994లో ఏకమై బెల్హార్‌ను తమ విశ్వాస ప్రమాణాల్లో ఒకటిగా నిలుపుకున్నాయి. శ్వేతజాతి సంఘం అపార్థీడ్‌ను పాపమని ఒప్పుకొంది, ప్రపంచ కూటమిలోకి తిరిగి వచ్చింది. అయితే బెల్హార్‌ను తన ప్రమాణాల్లో చేర్చుకునే ప్రతిపాదన వచ్చినప్పుడు ప్రాంతీయ సినడ్‌లలో కావలసిన మద్దతు రాలేదు, మొత్తం కుటుంబం ఒకే సంఘం కావడం ఇప్పటికీ జరగలేదు. ఒప్పుకోలు మాటగా చెప్పడం ఎంత కష్టమో, దాన్ని సంఘ నియమావళిలో రాసుకోవడం అంతకంటే కష్టమని పెద్దలకు ఇది చెబుతుంది.

ఆ సంఘ పెద్ద ఊళ్లో బల్ల దగ్గర ఇప్పుడు ఒకే వరస ఉంది. పాస్టరు గారు మొదట గూడెం పెద్దలను పిలిచి రొట్టె, పాత్ర అందిస్తున్నారు. ఒకటి రెండు కుటుంబాలు కొన్నాళ్లు రాలేదు, తర్వాత ఒక కుటుంబం వచ్చింది. సమాధుల తోటల సంగతి మాత్రం తేలలేదు. పాత తోట స్థలం ఎవరి పేరున ఉందో, గోడ తీసేస్తే ఖర్చు ఎవరు భరించాలో సంఘ కమిటీ ముందు చర్చ నడుస్తోంది. గోడ కట్టినవారే తీయాలని, నీళ్లు నిలిచే స్థలాన్ని మెరక చేయించే ఖర్చు కూడా వారే పెట్టుకోవాలని నేను సలహా ఇచ్చాను. కమిటీలో చదవడానికి 1829 తీర్మానం, 1857 తీర్మానం రెండూ తెలుగులో రాసి ఇమ్మని ఆ పెద్దాయనే అడిగితే రాసి పంపాను.